గోడకీ ప్లాస్టింగ్‌కీ మధ్య

"గోడలో ఏటో తిరుగుతున్నాదే" అంది అమ్మ ఫోన్లో.

రెండేళ్ల కిందట ఆగస్టు నెల. ఆఫీసు నుంచి సిటీ బస్సులో నిలబడి వస్తున్నాను. "గోడలోనా, గోడ మీదా?" అని అడిగాను. "గోడ మీద తిరిగితే నాకు కనబడదేటి? లోపలే. రేతిరి పదైతే మొదలెడతాది. తలకాయ పక్కనే బరబరమంటున్నాది" అంది.

అమ్మకి డెబ్బై ఒకటి. ఊళ్లో ఒక్కర్తే ఉంటుంది. నాకు ముందు చెవుల సంగతి తట్టింది, తర్వాత బీపీ మాత్రల సంగతి. ఎలుకల సంగతి తట్టలేదని కాదు గానీ నమ్మబుద్ధి కాలేదు. మా గోడ అడుగున్నర మందం మట్టిగోడ. ఎలుక అందులో బొరియ పెడితే పెడుతుంది, ఈ కొస నుంచి ఆ కొసకి పరుగు పందెం ఎలా పెడుతుంది?

శనివారం పొద్దున్న విశాఖలో రైలెక్కి, సోంపేట స్టేషన్లో దిగి, ఆటోలో ఇంటికి చేరేసరికి మధ్యాహ్నం భోజనాల వేళ. ఆ రాత్రి లైటు తీసేసి అమ్మ మంచం పక్కనే నిలబడి గోడకి చెవి ఆనించాను. పది దాటాక వచ్చింది. రేకు డబ్బా మీద గోళ్లతో గీకినట్టు. ముందు కింద మూలన, తర్వాత నడుమెత్తులో, తర్వాత సరిగ్గా నా చెవి పక్క నుంచి దాటుకుని తలుపు చట్రం దాకా. అక్కడ ఆగి ఏదో కొరికింది. మళ్లీ వెనక్కి. వేలి కణుపుతో గోడ కొట్టి చూశాను. డొల్ల చప్పుడు.

గోడలో కాదు. గోడకీ, నేను డబ్బు పెట్టి దగ్గరుండి చేయించిన సిమెంటు ప్లాస్టింగ్‌కీ మధ్య.

మా ఊరు శ్రీకాకుళం జిల్లా కవిటి మండలంలో, ఉద్దానం అనే ప్రాంతం. ఉద్దానం అనగానే బయటివాళ్లకి కిడ్నీ జబ్బులే గుర్తొస్తాయి. మాకు కొబ్బరీ, జీడీ, పనసా గుర్తొస్తాయి. ఇల్లు మా తాత కట్టించింది. కింద రెండడుగులు నల్లరాయి, ఆ పైన మట్టి. చెరువు మట్టీ ఎర్రమట్టీ కలిపి, గడ్డి కత్తిరించి వేసి, రాత్రంతా నానబెట్టి, పొద్దున్నే ఎడ్ల చేత తొక్కించి, మూరెడెత్తు వరస పెట్టడం. అది ఆరాక దాని మీద ఇంకో వరస. వేసవంతా గోడలకే సరిపోయిందట. ఆ గడ్డిలో ఒక్క వడ్ల గింజ కూడా ఉండకూడదని మా నాన్నమ్మ చాటలో పోసి చూసేదట. గింజ వాసన తగిలితే ఎలక గోడ తవ్వుతాదని ఆవిడ లెక్క. పై పూతకి పుట్టమన్ను. చెదపురుగులు ఒక్కొక్క రేణువూ నోటితో తెచ్చి పేర్చిన మట్టి అది, ఏ జల్లెడా అంత మెత్తగా తియ్యలేదు. చెదలు కట్టిన మట్టినే తెచ్చి గోడకి పూసి, ఆ గోడకి చెదలు పట్టకూడదని కాపలా కాయడం! చిన్నప్పుడు ఇందులో వింతేమీ కనబడేది కాదు.

అలుకుడు పని అమ్మది. నేల వారానికోసారి, గురువారం సాయంత్రం. గోడ అడుగున మూరెడెత్తు నెలకోసారి. సంక్రాంతికి ఇల్లంతా. పేడా ఎర్రమట్టీ కలిపిన బాల్చీ పక్కన పెట్టుకుని, గొంతుక్కూర్చుని, అరచేత్తో అర్ధచంద్రాలు గీసుకుంటూ మూల నుంచి గుమ్మం దాకా వచ్చేది. మధ్యలో ఎక్కడో ఆగి, బొటనవేలితో గోడ నొక్కి, లేచి వెళ్లి ఓ సీసా పెంకు తెచ్చి అక్కడ కుక్కి, మట్టి పెట్టి మెత్తేది. మళ్లీ అలుకుడు. అది కూడా అలుకుడులో భాగమే అనుకునేదాన్ని నేను.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ వచ్చింది. ఆ తుపాను గురించి రాయాలంటే ఇంకో పోస్టు కావాలి. మా ఇంటి వరకూ చెప్తాను. పెంకులు సగం లేచిపోయాయి. పడమటి గోడ తడిసి పైన ఓ అడుగు జారిపోయింది. మిగతా గోడలు నిలిచాయి. దొడ్లో పదకొండు కొబ్బరిచెట్లకి తొమ్మిది పడ్డాయి. అమ్మ ఊరి బళ్లో తలదాచుకుంది కాబట్టి బతికింది. ఆ చెట్ల మొవ్వుల్లో కాపురం ఉన్న ఎలుకలు ఎక్కడ తలదాచుకున్నాయో అప్పుడు మేం ఆలోచించలేదు. కొబ్బరిచెట్టు మీద పుట్టి, చెట్టు మీదే తిని, కిందికి పెద్దగా దిగకుండా బతికే ఎలుకలుంటాయి. వాటికి ఆ రాత్రితో ఊరంతా కూలిపోయింది. మిగిలింది మా ఇళ్లే.

2019 వేసవిలో నేనూ తమ్ముడూ కలిసి ఇంటికి సిమెంటు రేకులు వేయించాం. "గోడలకీ ప్లాస్టింగ్ చేయించెయ్ అక్కా, అమ్మకి అలికే బాధ తప్పుతుంది" అన్నాడు తమ్ముడు హైదరాబాద్ నుంచి. నాకూ అదే మంచిదనిపించింది. మోకాళ్ల నొప్పులతో ఆవిడ గొంతుక్కూర్చోవడం చూడలేకపోయేదాన్ని. మేస్త్రి గోడకి కోళ్ల మెష్ కొట్టి, దాని మీద సిమెంటు పట్టించాడు, లోపలా బయటా నిలువెత్తు. అరవై రెండు వేలయింది. లేతాకుపచ్చ రంగు వేశాం. అమ్మ అరుగు మీద కూర్చుని చూసి, "గోడకి గాలాడదే" అంది ఒక్కసారే. గోడకి గాలేంటమ్మా అని నవ్వాం. ఆ మాటకి తర్వాత ఎన్నిసార్లు సిగ్గుపడ్డానో.

జరిగిందేమిటంటే, మట్టిగోడ కింద నుంచి నేల తేమనీ, పై నుంచి వాన జల్లునీ పీల్చుకుంటుంది, ఎండ కాయగానే వదిలేస్తుంది. పీల్చినప్పుడు కాస్త ఉబ్బుతుంది, వదిలినప్పుడు కాస్త ముడుచుకుంటుంది. సిమెంటు పూత దానితో పాటు ఉబ్బదు, ముడుచుకోదు. ముందు మూడేళ్లు బాగానే ఉంది. తర్వాత పూతా గోడా ఒకదాన్నొకటి వదిలేశాయి. బయటికి రాలేని తేమ లోపలే ఉండి మట్టిని మెత్తబరిచింది, అది జారి అడుగున చేరింది. పైన వేలెడు సందు, కొన్నిచోట్ల బెత్తెడు. చల్లగా, చీకటిగా, పిల్లి చెయ్యి పట్టనంతగా. ఎలుకకి అంతకంటే ఏం కావాలి? ఏకులా వచ్చి మేకులా కూర్చుంది.

అప్పటికి ఇదంతా తెలియదు. ఎలుకల్ని పట్టేస్తే సరిపోతుందనుకున్నాను.

మొదట బోను. ఎండు నెత్తళ్లు గుచ్చి పెట్టాను. వారం రోజులు ఏమీ పడలేదు, చీమలు తప్ప. పక్కింటి మావ వచ్చి చూసి, "కొత్త వస్తువ కదా, అనుమానం. రెండు మూడ్రోజులు తలుపు కట్టేసి వదిలేయ్, తిననీ. ఇల్లు అలవాటైనాక అప్పుడు తలుపు తియ్యి" అన్నాడు. ఆయన చెప్పినట్టు కాల్చిన కొబ్బరి ముక్క పెట్టి, తలుపు పైకి కట్టేసి ఉంచాం. మూడు రాత్రులు బుద్ధిగా తిని వెళ్లాయి. నాలుగో రాత్రి తాడు విప్పాం. ఒకటి పడింది. ఆ తర్వాత రెండు. అంతే, మిగతావాటికి విషయం తెలిసిపోయింది. చిట్టెలుకలు అంత తెలివైనవి కావు. కొత్తదేదైనా వాసన చూడకుండా ఉండలేవు, రోజూ పడేవి. పెన్సిలు దూరే సందుంటే చాలు, చిట్టెలుక దూరిపోతుంది. గోడలో పరుగెత్తేవి మాత్రం పెద్దవి.

పందికొక్కులది వేరే లెక్క. అవి దొడ్లో, పశువుల సాల వెనక. పొద్దున్నే లేచేసరికి బొరియ ముందు తట్టెడు మట్టి గుట్ట పోసి ఉంటుంది. తెలుగు వాళ్లం ఇంగ్లీషుకి దానం చేసిన నాలుగు మాటల్లో పందికొక్కు ఒకటి, వాళ్ల నోట్లో బాండికూట్ అయింది. అక్కడి నుంచి ఆ పేరు ఆస్ట్రేలియా వెళ్లి, దీనికి చుట్టరికమే లేని ఇంకో జంతువుకి అంటుకుంది. మాట ఎగుమతి అయింది గానీ కొక్కులు మాత్రం మా దొడ్లోనే ఉండిపోయాయి.

తర్వాత మందు. వ్యవసాయ శాఖ వాళ్లు పొలాల్లో ఎలుకలకి చెప్పే పద్ధతి మా ఊళ్లో అందరికీ నోటికొచ్చు. నూకలు 96 పాళ్లు, నూనె రెండు పాళ్లు, బ్రోమోడయోలిన్ మందు రెండు పాళ్లు కలిపి పొట్లాలు కట్టడం. పాత నల్లమందు, అదే జింక్ ఫాస్ఫైడ్, తిన్న రాత్రే చంపుతుంది. కానీ కొంచెం తిని చావకుండా మిగిలిన ఎలుక మళ్లీ ఆ వాసన వైపు రాదు. అందుకే రెండు రోజులు ఉత్త నూకలు పెట్టి నమ్మించాలి. బ్రోమోడయోలిన్ అలా కాదు, నాలుగైదు రోజులకి లోపల రక్తం గడ్డకట్టడం ఆగిపోయి మెల్లగా చస్తుంది. దేనివల్ల చచ్చిందో మిగతావాటికి అర్థం కాదు. చదువుకున్నదాన్ని కదా, రెండోదే తెచ్చాను. పొట్లాలు కట్టి గోడ వారన పెట్టాను.

పనిచేసింది. అదే వచ్చిన చిక్కు. ఐదో రోజుకి గోడలో చప్పుడు తగ్గింది. ఏడో రోజుకి వాసన మొదలైంది.

పొలంలో అయితే చచ్చిన ఎలుక బొరియలో పూడిపోతుంది. మా ఇంట్లో అవి అమ్మ తలగడకి జానెడు దూరంలో, సిమెంటు వెనక చచ్చాయి. ఎక్కడ చచ్చాయో తెలియదు. తెలిసినా తియ్యడానికి దారి లేదు. సాంబ్రాణి వేశాం, కర్పూరం వెలిగించాం, ఫినాయిలు చల్లాం. ఆ వాసనలన్నీ కలిసి ఇంకో వాసన అయింది. పదకొండు రోజులు అమ్మ అరుగు మీదే పడుకుంది, తిండి కూడా అక్కడే. నీలం ఈగలు లేతాకుపచ్చ గోడ మీద ఒకే చోట వాలేవి. మేస్త్రికి గుర్తు పెట్టుకోవడానికి పెన్సిలుతో గుండ్రంగా గీసి వచ్చాను. మూడు గీతలు గీశాను.

ఆ వారంలోనే పిల్లి పోయింది. తెల్లది, తోక మీద మాత్రం నల్లమచ్చ. మూలన కూర్చుంది, పాలు ముట్టలేదు, ముక్కు నుంచి కొద్దిగా రక్తం. మందు తిని మత్తుగా తిరుగుతున్న ఎలుకని పట్టుకుని ఉంటుందని పశువుల డాక్టరు చెప్పాడు. దానికి విరుగుడు ఉంది, కె విటమిన్ ఇంజక్షను. ముందే తెస్తే ప్రయత్నించేవాణ్ని అన్నాడు. అమ్మ నన్ను ఒక్క మాట అనలేదు. పిల్లిని జీడిచెట్టు కింద తనే పూడ్చి వచ్చి, మిగిలిన పొట్లాలు ఎక్కడున్నాయని అడిగి, అన్నీ ఏరించింది. "నూతికి పది అడుగులు లేదు. ఇంక మందు మాట ఎత్తకు" అంది. మా వైపు కిడ్నీలు ఎందుకు పాడవుతున్నాయో ఇదీ కారణమని ఇప్పటికీ తేలలేదు. అందుకని మా ఊళ్లో ప్రతి మందునీ, ప్రతి బోరునీ అనుమానంగానే చూస్తారు. ఆ భయం తప్పని నేను అనలేను.

తమ్ముడికి చెప్తే, "పడగొట్టేద్దాం అక్కా. పిల్లర్లు లేపి స్లాబ్ వేసేద్దాం" అన్నాడు. ఎలుక మీద కోపంతో ఇంటికి నిప్పు పెట్టుకున్నట్టు ఉందిరా నీ మాట అన్నాను. వాడికి కోపం వచ్చింది. వాడి వైపూ న్యాయం ఉంది. వాడికి ఆ ఇల్లంటే తుపాను రాత్రి, వాన కారే మూల, అర్ధరాత్రి అమ్మ నుంచి ఫోన్లు. దూరంగా ఉన్నవాడికి అంతకంటే ఏం కనబడుతుంది?

దసరా సెలవులకి మేస్త్రిని పిలిచాం, పూత కట్టిన మేస్త్రి కాదు, ఇంకొకాయన, పెద్దవాడు, మట్టిపని తెలిసినవాడు. నా పెన్సిలు గుర్తు మీద ఉలి పెట్టి సుత్తితో నాలుగు దెబ్బలు వేశాడు. బల్ల అంత పెచ్చు మెష్‌తో సహా ఊడి కింద పడింది.

వాసన గురించి రాయను. కనబడింది రాస్తాను.

గోడ తడిగా, బెల్లం పాకంలా నిగనిగలాడుతోంది. వేలు పెడితే రెండు కణుపులు లోపలికి వెళ్లింది. దాని మీద కింద నుంచి పైకి చెదల దార్లు, బొటనవేలంత వెడల్పు మట్టి గొట్టాలు, రేకుల కింది దూలం దాకా. ఒకటి గిల్లితే లోపల తెల్ల పురుగులు కంగారుగా అటూ ఇటూ. చెదలకి తేమ కావాలి, వెలుతురు పడకూడదు. రెండూ మేమే అమర్చిపెట్టాం. నడుమెత్తులో సందు కాస్త వెడల్పయిన చోట గూడు. కొబ్బరి పీచు, ఎరువుల సంచి పోగులు, అమ్మ పాత నేత చీర అంచు, వాటి మధ్య ఓ మాత్రల అట్ట రేకు మెరుస్తూ. ఆ బీపీ మాత్రలు ఎక్కడో పారేశావని ఆవిణ్ని నేను ఫోన్లో కేకలేసిన రోజు ఉంది. గూటి చుట్టూ నమిలిన కొబ్బరి చిప్ప ముక్కలు, తాటి టెంక ఒకటి. జీడిపిక్కలు మాత్రం ఒక్కటి కూడా లేవు. అటక మీద రెండు బస్తాలు ఉన్నాయి, వాటిని ముట్టుకోలేదు. తొక్కులో ఉండే రసం నోరు కాలుస్తుందని వాటికీ తెలుసు. గూటి కిందుగా గోడ వారన నల్లటి జిడ్డు చార, రోజూ అదే దారిన ఒళ్లు రాసుకుంటూ పోయిన ఆనవాలు.

అన్నిటికంటే కింద, రాయి మీద, ఓ కుబుసం.

మావ దాన్ని చీపురుపుల్లతో ఎత్తి ఎండకి పట్టాడు. మూడడుగులు ఉంటుంది. వెన్ను పొడవునా మధ్యలో ఒక వరస పొలుసులు మిగతావాటి కంటే పెద్దవి, ఆరుపలకలుగా, తేనెపట్టు గదుల్లా. "కట్లపామే" అన్నాడు. ఎవరూ మాట్లాడలేదు. కట్లపాము ఎలుకల కోసమే కాదు, బల్లుల కోసమూ, వేరే పాముల కోసమూ వస్తుంది. రాత్రే తిరుగుతుంది. కరిస్తే మంట, వాపు పెద్దగా ఉండవు. నిద్రలో ఉన్న మనిషికి తెలియకపోవచ్చు కూడా. తెల్లారి కడుపునొప్పి, కళ్లు మూతలు పడటం, మాట ముద్దగా రావడం. గ్యాస్ నొప్పి అనుకుని సోడా తాగించి పొద్దు పోగొట్టుకున్న ఇళ్లు మా చుట్టుపక్కల ఉన్నాయి. అమ్మ అంతకు ముందు వేసవంతా మంచం మీద ఉక్కపోస్తోందని నేల మీద చాప వేసుకుని పడుకుంది, ఆ గోడ పక్కనే.

ఆ రోజే సోంపేట వెళ్లి దోమతెర కొన్నాను. పరుపు కిందికి నాలుగు వైపులా దోపి పడుకోమన్నాను. దోమలకి కాదే తెర, అంటే "తెలుసులే" అంది.

పెచ్చులన్నీ ఊడగొట్టడానికి రెండు రోజులు పట్టింది. మెష్ చుట్ట చుట్టి పాత ఇనుం వాడికి ఇస్తే కిలో లెక్కన నూట నలభై రూపాయలు చేతిలో పెట్టాడు. నా అరవై రెండు వేలలో తిరిగొచ్చింది అదొక్కటే. గోడని నెల రోజులు ఊరికే ఆరబెట్టాలన్నాడు మేస్త్రి. ఆరుతున్న కొద్దీ రంగు మారింది, ముదురు గోధుమ నుంచి లేత ఎరుపుకి, పై నుంచి కిందికి. అమ్మ రోజూ ఫోన్లో "ఇవాళ కిటికీ దాకా ఆరింది" అని చెప్పేది.

ఆ తర్వాత పని చాలావరకు ఆవిడ చెప్పిందే, మేస్త్రి చేసింది. బొరియల్లోకి చెయ్యి పట్టినంత దూరం సీసా పెంకులూ చిన్న రాళ్లూ కలిపిన మట్టి కుక్కాడు. ఉత్త మట్టి పెడితే ఒక్క రాత్రిలో తవ్వేస్తాయి. ఎలుక పళ్లు జన్మంతా పెరుగుతూనే ఉంటాయి, అరగదీసుకోడానికి అది ఏదో ఒకటి కొరకాల్సిందే. పెంకు తగిలితే మాత్రం వెనక్కి తగ్గుతుంది. రేకుల వంపుల కింద గోడ తలకీ రేకుకీ మధ్య ఉండే ఖాళీలు ఎవరూ చూడరు. వానాకాలం గాలి రావడానికి బాగుంటుందని మేమూ వదిలేశాం. ఒక్కో వంపూ ఒక్కో గుమ్మం. అక్కడ సన్న కన్నాల ఇనప జాలీ బిగించాం. తలుపుల కింద రేకు పట్టీలు. మిగిలిన రెండు కొబ్బరిచెట్లకీ మనిషెత్తులో నున్నటి రేకు చుట్టించి, ఇంటి మీదికి వాలిన మట్టలు కొట్టించాం. ఆ మట్టలే వాటికి వంతెన.

దూలాల కొసలకి జీడితొక్కు నూనె పూశాను. పలాస ఫ్యాక్టరీల్లో పప్పు తీశాక మిగిలిన తొక్కు నుంచి వచ్చే నల్లటి చిక్కటి నూనె. మా వైపు పడవలకీ వాసాలకీ పూస్తారు, చెద దగ్గరికి రాదు. చేతికి గుడ్డ చుట్టుకోమని చెప్పారు. చుట్టుకున్నాను, మణికట్టు దాకా. మోచేతి దగ్గర ఓ చుక్క పడి జారింది. ఆ చార ఇప్పటికీ ఉంది, కాల్చిన వాతలా.

మట్టి ఇల్లు మహా గొప్పదని చెప్పడానికి ఇదంతా రాయడం లేదు. పాతకాలంలో వంటింటి పొగ వెదుర్లకీ వాసాలకీ పట్టి పుచ్చు పట్టకుండా కాపాడేది, నిజమే. అదే పొగ మా నాన్నమ్మ కళ్లు తీసేసింది. గ్యాస్ వచ్చాక వాసాల నుంచి పిండి రాలడం మొదలైంది. అయినా కట్టెల పొయ్యి మళ్లీ వెలిగించమని నేను చచ్చినా చెప్పను. జెర్రులు, తేళ్లు, కంతల్లో కుమ్మరి పురుగులు, ఇవన్నీ ఇప్పటికీ ఉన్నాయి. కుమ్మరి పురుగు గూడు కడితే ఇంట్లో ఎవరో కడుపుతో ఉన్నట్టట. పోయినేడు కిటికీ మీద కట్టింది. అమ్మ నా వైపు చూసింది. నాకు నలభై ఆరు. "సాలెపురుగుల్ని పట్టి గుడ్ల పక్కన దాచుకుంటుందమ్మా అది, అంతే" అన్నాను. "దానికి తెలుసు, నీకేటి తెలుసు" అంది. మూతి పొడుగ్గా, కంపు కొడుతూ గోడ వారన పరుగెత్తే చుంచుని మాత్రం ఆవిడ కొట్టనివ్వదు. అది పురుగుల్ని తింటుంది.

ఎలుకలు పూర్తిగా పోయాయా అంటే లేదు. ఊళ్లో పొలాలున్నంత కాలం అవీ ఉంటాయి. కోతలయ్యాక ఇళ్లకి వస్తాయి. అసలైన టెన్షన్ జ్వరాలది. ఎలుకల ఒంటి మీదా పొదల్లోనూ ఉండే సన్న నల్లుల (మంచాల్లో ఉండేవి కావు, మైట్ అనే పురుగుల) పిల్లలు కుట్టి స్క్రబ్ టైఫస్ అనే జ్వరం వస్తుంది. కుట్టిన చోట సిగరెట్టుతో కాల్చినట్టు నల్లటి పెచ్చు కడుతుంది. జ్వరమొస్తే చంకల్లోనూ నడుము దగ్గరా ఆ మచ్చ ఉందేమో చూసుకుని డాక్టరుకి చూపించమని పక్కింటివాళ్లకి కూడా చెప్పాను. తొందరగా గుర్తిస్తే మామూలు డాక్సీసైక్లిన్ మాత్రలతో తగ్గిపోతుంది. వాన నీళ్లలో ఎలుక ఉచ్చ కలిసి వచ్చే జ్వరం ఇంకొకటి. అందుకని దొడ్లో నీళ్లు నిలిస్తే అమ్మని చెప్పుల్లేకుండా తిరగొద్దంటాను. వినదు.

ఇప్పుడు నెలకి రెండుసార్లు వెళ్తున్నాను. రాత్రి పడుకునే ముందు గోడ వారన ముగ్గుపిండి పల్చగా చల్లుతాను, మూడు గదుల్లోనూ. ఇది అమ్మ నేర్పిందే. పొద్దున్న లేచి చీపురు పట్టేలోగా చదవాలి. ముందు కాళ్లకి నాలుగేసి వేళ్లు, వెనక కాళ్లకి ఐదేసి, మధ్యలో తోక ఈడ్చిన సన్న గీత. ఎక్కడి నుంచి ఎక్కడికి పోయిందో ముగ్గు మీద రాసిపెట్టి ఉంటుంది. చాలా పొద్దుల్లో బల్లి కాళ్లు తప్ప ఏమీ ఉండవు. ఓసారి బియ్యం డబ్బా వెనక నుంచి తలుపు దాకా వరసగా గుర్తులు వచ్చి, తలుపు దగ్గర మాయమయ్యాయి. వంగి చూస్తే రేకు పట్టీ మూల లేచి ఉంది. మేకు కొట్టాం.

పోయిన గురువారం సెలవు పెట్టి వెళ్లాను. అమ్మకి మోకాళ్లు వంగడం లేదు, పీట మీద కూర్చుని అలుకుతోంది. బాల్చీ లాక్కుని నేనే మొదలుపెట్టాను. చెయ్యి ఎటు తిప్పాలో తెలుసు, ఎంత తడి ఉండాలో తెలియదు. అమ్మ పీట మీద నుంచే చెప్తోంది, నీళ్లెక్కువయ్యాయని, మూల ఒగ్గేశానని. పడమటి గోడ దగ్గరికొచ్చేసరికి, "ఆగు. అక్కడ చెయ్యెట్టి నొక్కు" అంది. నొక్కాను.

"డొల్లగా లేదూ?"

"లేదమ్మా. గట్టిగానే ఉంది."

పీట జరుపుకుని దగ్గరికొచ్చింది. పేడచేత్తోనే నా చెయ్యి పట్టుకుని జానెడు పక్కకి జరిపి, తన అరచెయ్యి నా చేతి మీద పెట్టి మెల్లగా నొక్కింది.

"ఇప్పుడూ?"

"ఏమో... తెలీట్లేదు."

"మళ్లీ సూడు. బేగి తియ్యకు సెయ్యి."